కర్నూలు ఖడ్గమృగం మళ్లీ పుడితే: ఆ కథ రాయాలనుకునేవాళ్లకు

ఎప్పుడో అంతరించిపోయిన జంతువు ల్యాబ్‌లో చేసిన పని వల్ల మళ్లీ పుట్టడం, ఒక పిల్లాడో పిల్లో దానికి దగ్గరవడం, ఇలాంటి కథ రాయాలని చాలామందికి కోరిక ఉంటుంది, మొదలుపెట్టి మధ్యలో ఆపేసేవాళ్లూ ఎక్కువే. ఆగిపోవడానికి కారణం నాకు తెలిసి ఒకటే. జంతువు పుట్టేదాకా కథ బాగా నడుస్తుంది, పుట్టాక దానితో ఏం చేయించాలో తెలీదు, దాంతో పిల్లాడు దాని కళ్లలోకి చూస్తాడు, అది వాడి చేయి నాకుతుంది, ఇక స్నేహం అయిపోయిందనిపిస్తారు. అలా కుదరదు. దూడనో గొర్రెపిల్లనో సాకిన ఇంట్లో పుట్టినవాళ్లకు ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. పాలు పట్టి, పేడ ఎత్తి, రాత్రి రెండింటికి లేచి చూసుకున్నాకే అది మనదవుతుంది. ఈ కథలోనూ అంతే, పైగా ఇక్కడ ఇంకొకటి ఉంది: ఆ జంతువుకు తన జాతి అంటూ ఈ భూమ్మీద ఇంకెవరూ లేరు. ఈ రెండిటినీ వదలకుండా పట్టుకుంటే కథ చివరిదాకా వస్తుంది. ఏం తెలుసుకుని రాయాలో, ఎక్కడ జాగ్రత్తపడాలో, మన కర్నూలు వైపే పెట్టి చెబుతాను.

జంతువును ఇక్కడే వెతకండి

డైనోసార్ వద్దు. అది పోయి 6.6 కోట్ల ఏళ్లయింది, డీఎన్ఏ అంతకాలం నిలవదు. ఇప్పటిదాకా చదవగలిగిన అతి పాత డీఎన్ఏ గ్రీన్‌లాండ్‌లో గడ్డకట్టిన మట్టిలో దొరికింది, అదీ సుమారు 20 లక్షల ఏళ్లది, 2022లో ప్రకటించారు. మామత్, అంటే మంచు యుగం నాటి ఉన్ని ఏనుగు కూడా వద్దు, ఒళ్లంతా ఉన్నితో పుట్టిన పిల్లను మన మే నెల ఎండలో నిలబెడితే మొదటి పేజీలోనే పోతుంది.

మనకు మన జంతువే ఉంది. బేతంచర్ల దగ్గర ఎర్రమల కొండల్లో బిలస్వర్గం గుహలున్నాయి కదా (ఇప్పుడు నంద్యాల జిల్లా, 2022 దాకా కర్నూలు జిల్లానే). అక్కడ ఎముకలున్నాయని 1844లోనే న్యూబోల్డ్ అనే సైనికాధికారి రాశాడు. 1880లలో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కొడుకు హెన్రీ కలిసి తవ్వించారు. ఆ ఎముకలను పరిశీలించిన రిచర్డ్ లిడెక్కర్ 1886లో అందులో ఒక ఖడ్గమృగానికి మన ఊరి పేరే పెట్టాడు, రైనోసెరస్ కర్నూలియెన్సిస్ అని. కర్నూలు పిల్లలకు ఈ పేరు తెలియకుండానే స్కూలు చదువు అయిపోతోంది, నాకు అది బాధగా ఉంటుంది, ఈ కథ రాయమని అందరినీ అడగడానికి సగం కారణం అదే.

ఇంకో సంగతి మీ కథకు పనికొస్తుంది. ఆ గుహల్లోని రెండు లక్షల ఏళ్ల పొరల మీద 2014లో ఒక పరిశోధన వచ్చింది. అందులో గుర్తించిన 21 రకాల క్షీరదాల్లో 20 ఇప్పటికీ ఉపఖండంలో ఎక్కడో ఒకచోట బతికే ఉన్నాయని తేలింది. అంటే మన కొండల్లోంచి పోయినవి వేరేచోట మిగిలి ఉన్నాయి. మన దగ్గర ఖడ్గమృగం లేదు, దాని దగ్గరి చుట్టం అస్సాంలో ఉంది. ఆ చుట్టరికమే మీ కథకు దారి.

ఖడ్గమృగం మీకు మరీ పెద్దదనిపిస్తే నిప్పుకోడిని తీసుకోండి. ఒకప్పుడు మన దేశంలోనూ నిప్పుకోళ్లు తిరిగేవి. రాజస్థాన్, మధ్యప్రదేశ్‌లలో దొరికిన, కనీసం 25 వేల ఏళ్ల నాటి గుడ్డు పెంకుల నుంచి హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థ వాళ్లు డీఎన్ఏ తీసి, అది ఆఫ్రికా నిప్పుకోడికి దగ్గరిదని 2017లో చూపించారు. పక్కనే ప్రకాశం జిల్లాలో 41 వేల ఏళ్ల నాటి గూడు బయటపడిందని 2024లో వార్తలొచ్చాయి. పక్షితో రాస్తే పొదగడం, గుడ్డులోంచి బయటికి రాగానే ఎదుట కనిపించినవాళ్లను తల్లి అనుకోవడం లాంటి వేరే సరుకు దొరుకుతుంది. నేను మాత్రం ఖడ్గమృగంతోనే వెళ్తాను.

డీఎన్ఏ దగ్గర అబద్ధం రాయొద్దు

గుహలో ఎముక దొరికింది, ల్యాబ్‌కు పంపారు, పిల్ల పుట్టింది అని మూడు వాక్యాల్లో తేల్చేస్తే చదివే పిల్లలు నమ్ముతారేమో, కథ మాత్రం బలహీనపడిపోతుంది. వేడి, తేమ డీఎన్ఏకు శత్రువులు. హరియాణాలోని రాఖీగఢీలో 60కి పైగా నమూనాలు ప్రయత్నిస్తే ఒకే ఒక్క మనిషి ఎముకలోంచి పనికొచ్చే డీఎన్ఏ వచ్చింది, అదీ సుమారు నాలుగున్నర వేల ఏళ్లదే, 2019లో ప్రచురించారు. అలాంటిది కర్నూలు ఎండల్లో వేల ఏళ్లు పడి ఉన్న ఎముక సంగతి ఆలోచించండి. ఆ కష్టాన్ని దాచకుండా కథలో పెట్టండి. ఏదో ఒక ఎముక ఉంటే సరిపోదు, పన్ను కావాలి, లేకపోతే లోపలి చెవిని చుట్టుకుని ఉండే గట్టి ఎముక కావాలి. గుహలో లోపలికి, చల్లగా ఉండేచోట, సున్నపురాయి పొర కింద మూసుకుపోయిన ఒకే ఒక్క పన్ను. ఎన్నో ఏళ్లు వెతికాక దొరికిన పన్ను.

ఇక్కడ మీ పిల్లాడిని తీసుకురండి. వాడికి మద్దిలేటి అని పేరు పెట్టండి, మద్దిలేటి స్వామి కొలువున్న ప్రాంతం కాబట్టి ఆ వైపు బాగా వినిపించే పేరు. నాయన అటవీ శాఖలో వాచరు, తవ్వకాల వాళ్లకు దారి చూపించడానికి వెళ్తే వీడూ వెంట వెళ్లాడు. మట్టిలోంచి బయటపడిన పన్నును అందరికంటే ముందు చూసి, ఉత్త చేత్తో ఎత్తి నాయనకు ఇచ్చాడు. శాస్త్రవేత్తలు లబోదిబోమన్నారు, ఎందుకంటే పాత డీఎన్ఏ పనిలో గ్లౌజులు, మాస్కులు లేకుండా దేన్నీ ముట్టుకోరు, మనిషి చర్మం తగిలితే చాలు వాడి డీఎన్ఏ అంటుకుంటుంది. పన్నును పైపైన గీకి శుభ్రం చేసి, లోపలి పొడి తీసి చదివినా ల్యాబ్‌లో మొదట తేలింది మనిషి డీఎన్ఏనే. అది మద్దిలేటిదేనా అని తేల్చుకోవాలంటే వాడి లాలాజలం నమూనా కావాలి, కాబట్టి వాణ్ణి హైదరాబాద్ పిలిపించారు. చూశారా, జంతువు పుట్టకముందే పిల్లాడికి, దానికి ముడి పడిపోయింది, మాయ లేదు, కలలో కనిపించడం లేదు, అంతా సైన్సులో నిజంగా ఎదురయ్యే చిక్కే.

తర్వాతి భాగం తొందరగా దాటేయొచ్చు, కానీ తప్పు రాయకండి. పాత డీఎన్ఏ ముక్కలు ముక్కలుగా దొరుకుతుంది, దాన్ని బతికున్న చుట్టం జన్యువులతో పోల్చి, తేడాలున్న చోట క్రిస్పర్ లాంటి, జన్యువులను కోసి మార్చే పద్ధతితో ఆ చుట్టం కణంలోనే మార్పులు చేస్తారు. 2025లో అమెరికాలో డైర్ తోడేళ్లను మళ్లీ పుట్టించామని ఒక కంపెనీ ప్రకటించింది కదా, వాళ్లు చేసిందీ అదే: 13 వేల ఏళ్ల నాటి పన్ను, 72 వేల ఏళ్ల నాటి పుర్రె నుంచి డీఎన్ఏ చదివి, మామూలు బూడిదరంగు తోడేలు కణంలో 14 జన్యువుల్లో 20 మార్పులు చేశారు, ఆ కణాలతో పిండాలు తయారుచేసి కుక్కల గర్భంలో పెంచారు. అవి అసలు డైర్ తోడేళ్లు కావు, మార్పులు చేసిన మామూలు తోడేళ్లే అని చాలామంది శాస్త్రవేత్తలు అన్నారు. మీ కథలోనూ ఆ ప్రశ్న ఎవరో ఒకరు అడగాలి, పిల్లాడికి వినపడేలా అడగాలి. జవాబు మీరు చెప్పకండి.

మొదటిసారే పిల్ల బతికినట్టు కూడా రాయకండి. స్పెయిన్‌లో బుకార్డో అనే కొండమేక జాతిలో చివరిది 2000 జనవరిలో ఒంటి మీద చెట్టు పడి చనిపోయింది. ముందే దాచిపెట్టిన దాని కణాలతో 2003లో క్లోన్ పుట్టించారు, ఊపిరితిత్తుల లోపంతో అది కొన్ని నిమిషాల్లోనే పోయింది. అంతరించిపోయిన జాతి తిరిగి పుట్టడం అదే మొదలు, రెండోసారి అంతరించిపోవడమూ దానికే జరిగింది. మద్దిలేటి సాకే పిల్లకు ముందు పోయినవి ఉన్నాయని వాడికి తెలిసిన రోజు మీ కథలో ఒక పేజీ ఉండాలి. ఆ రోజు నుంచి వాడు రాత్రిపూట దాని ఊపిరి వింటూ పడుకుంటాడు.

పుట్టుక

మోసే తల్లి అస్సాం ఖడ్గమృగం, దాన్ని తెచ్చి మద్దిలేటి ఊరి దగ్గర కంచె వేసిన ఆవరణలో ఉంచారు అనండి. మోసేది సుమారు 16 నెలలు, ఆ ఎదురుచూపును ఒక్క వాక్యంతో దాటేయకండి, ఆ మధ్యలో వాడు ఏడో తరగతి నుంచి తొమ్మిదికి వస్తాడు. ఖడ్గమృగాల్లో ల్యాబ్‌లో తయారైన పిండాన్ని గర్భంలో పెట్టి నిలబెట్టడం నిజంగానే మొదలైంది, కెన్యాలో తెల్ల ఖడ్గమృగం మీద సాధించామని 2024 జనవరిలో ప్రకటించారు, ఉత్తరాది తెల్ల ఖడ్గమృగాల్లో ఆడవి రెండే మిగిలాయి కాబట్టి వాటి కోసం పడుతున్న తంటా అది. కాబట్టి మీరు రాసేది గాల్లో మేడ కాదు.

పుట్టిన పిల్లను తల్లి దగ్గరికి రానివ్వలేదు అనండి. తొలి కాన్పు జంతువుల్లో అలా జరుగుతుంది, పల్లెల్లో ఆవుల విషయంలో చూసిందే. అప్పుడు అసలు టెన్షన్ ముర్రుపాలది. గుర్రం, ఖడ్గమృగం లాంటి వాటిలో రోగాలను తట్టుకునే శక్తి ఎక్కువగా కడుపులో ఉండగా కాదు, పుట్టిన మొదటి గంటల్లో తాగే ముర్రుపాల నుంచే వస్తుంది. తల్లి ఇవ్వనంటోంది. చుట్టుపక్కల ఆ వారంలో ఈనిన ఆవు ఎవరింట్లో ఉందో డాక్టర్లకేం తెలుస్తుంది, మద్దిలేటికి తెలుసు, సైకిలేసుకుని పోయి అర్ధరాత్రి తలుపు కొట్టి ఒక చెంబు ముర్రుపాలు అడిగి తెస్తాడు. జున్ను కోసం దాచుకున్న పాలు ఇవ్వడానికి ఆ ఇంటావిడ మొదట ఒప్పుకోదు. ఈ ఒక్క సన్నివేశం సరిగ్గా రాస్తే, పిల్లాడిని ఆవరణలోకి ఎందుకు రానిచ్చారు అని ఇక ఎవరూ అడగరు.

పాల సీసా దగ్గరే కథంతా

ఈ భాగానికి ఎక్కువ పేజీలు పెట్టండి. పుట్టిన పిల్లే అరవై కిలోల పైన ఉంటుంది, రెండు మూడు గంటలకోసారి పాలు కావాలి. కాజీరంగా దగ్గరి పునరావాస కేంద్రంలో వరదల్లో తల్లులను పోగొట్టుకున్న ఖడ్గమృగం పిల్లలను సీసాపాలతోనే సాకుతారు, అంటే ఇది మనుషులు చేయగలిగిన పనే. కాకపోతే పాల విషయంలో ఒక మెలిక ఉంది: ఖడ్గమృగం పాలలో కొవ్వు చాలా తక్కువ, నీళ్లలా ఉంటాయి. మన దగ్గర పల్చటి పాలంటే ఎవరికైనా చిన్నచూపే కదా. మద్దిలేటి జేజి, అంటే వాడి అవ్వ, చూడ్డానికి వచ్చినట్టు ఇలా రాయొచ్చు:

జేజి మీగడ కట్టిన బర్రెపాలు చెంబులో తెచ్చింది. "పసిదానికి నీళ్లపాలు పోస్తాండారు, ఒళ్లెట్ల వస్తాదిరా అబ్బీ?"

మద్దిలేటి సీసా వెనక్కి పెట్టుకున్నాడు. "వద్దు జేజీ. చిక్కటివి పోస్తే పారుకుంటాదంట, డాక్టరు సారు చెప్పినాడు."

"ఆ సారు ఎన్ని దూడల్ని సాకినాడంట?"

"దీని పాలు వేరే జేజీ. నువ్వు రా, ఇక్కడ చెయ్యి పెట్టి పట్టుకో, దాని గొంతు కింద. మింగేది తెలుస్తాది."

జేజి చెంబు కింద పెట్టి చెయ్యి పెట్టింది.

ఇందులో ఎవరూ తెలివితక్కువ వాళ్లు కాదు. జేజికి దూడలు తెలుసు, డాక్టరుకు కొవ్వు లెక్క తెలుసు, ఆ ఇద్దరి మధ్యా పిల్లాడున్నాడు. ఆ ప్రేమను గౌరవిస్తూ రాయండి, పల్లెటూరి ముసలమ్మ సైన్సుకు అడ్డం అన్నట్టు రాస్తే నాకు నచ్చదు, నిజమూ కాదు.

జంతువును దగ్గరగా చూపించండి. దానికి చూపు తక్కువ, ముక్కూ చెవులూ పదును. కాబట్టి అది మద్దిలేటిని ముఖం చూసి గుర్తుపట్టదు, చొక్కాకు అంటిన గొర్రెల వాసనతో, నడకతో, దగ్గుతో గుర్తుపడుతుంది. పండక్కి వాడు కొత్త బట్టలేసుకుని వెళ్తే వెనక్కి జరిగి బుస కొడుతుంది, వాడు మాట్లాడగానే చెవులు తిప్పుతుంది. పై పెదవి వేలిలా వంచి సీసా పీకను పట్టుకుంటుంది. చర్మం మడతల మధ్య లేత గులాబీ రంగు, అక్కడే పిడుదులు చేరతాయి, వాటిని ఏరడం వాడి పని. పేడ వేయడానికి ఒకే చోటికి వెళ్తుంది, ఖడ్గమృగాలు పేడకుప్ప వాసనతోనే ఎవరు వచ్చారో ఎవరు పోయారో తెలుసుకుంటాయి. ఇక్కడ కుప్ప దగ్గర దానికి తన వాసన తప్ప వేరే వాసన దొరకదు. రోజూ వెళ్లి వాసన చూసి, కాసేపు నిలబడి వస్తుంది. దాని ఒంటరితనం చెప్పడానికి ఇంకే డైలాగూ అక్కర్లేదు.

తోడుకు ఒక గొర్రెపిల్లను పెట్టండి. ఆఫ్రికాలో అనాథ ఖడ్గమృగం పిల్లలకు గొర్రెనో మేకనో జత చేసి పెంచిన సందర్భాలు ఉన్నాయి, మన సీమలో గొర్రెపిల్లకు కరువా. జేజి ఖడ్గమృగం పిల్లకు బసవన్న అని పేరు పెడుతుంది, యాగంటి బసవన్నలా కళ్ల ముందే పెరిగిపోతోందని. నిజంగానే రోజుకు కిలో పైనే బరువు పెరుగుతుంది. పది నెలలకు గొర్రె దాని పొట్ట కింద నీడలో పడుకుంటుంది.

ఖడ్గమృగం పిల్ల మూడేళ్ల దాకా తల్లి వెంటే తిరిగి, ఏది తినాలో ఏది తినకూడదో నేర్చుకుంటుంది. దీనికి నేర్పే తల్లి లేదు. ఉన్నా, ఆమెకు తెలిసింది అస్సాం ఏనుగు గడ్డి, ఎర్రమల రాళ్ల మధ్య మొలిచేది కాదు. మద్దిలేటికి తెలిసింది గొర్రెల మేత. గన్నేరు దగ్గరికి పోనివ్వడు. వాన లేక వాడిపోయిన లేత జొన్న చేను వైపు అసలు పోనివ్వడు, నాము పడుతుందని, అంటే ఆ జొన్నలోని విషం ఎక్కుతుందని. నెమరు వేసే పశువులకు పడినంతగా దీనికి పడకపోవచ్చని డాక్టరు అంటాడు, వాడు వినడు, కట్టె అడ్డం పెట్టి తిప్పి తోలుకొస్తాడు. ఇలా స్థానికుడి తెలివికి విలువ ఇవ్వడం కథ కోసం చేసే కల్పన కాదు. కడప జిల్లా లంకమల వైపు కలివి కోడి 1900 తర్వాత ఎవరికీ కనిపించక అంతరించిపోయిందనుకున్నారు, 1986లో మళ్లీ దొరికిందంటే అక్కడ పిట్టలు పట్టుకుని బతికే మనుషుల సాయంతోనే.

నీళ్లు

ఇది సీమ కథ కాబట్టి నీళ్లు లేకుండా కుదరదు. ఖడ్గమృగానికి బురద గుంట కావాలి, ఎండ నుంచి, ఈగల నుంచి కాపాడేది ఆ బురదే. ఏప్రిల్‌లో ఊరికి ట్యాంకరు వస్తుంది, బిందెలు వరసలో ఉంటాయి, అదే దారిలో ఇంకో ట్యాంకరు ఆవరణలోకి పోతుంది. "మనుషులకు బిందెడు లేదు, దానికి మడుగా?" అని ఒకామె అడుగుతుంది. ఆమెను చెడ్డదాన్ని చేయకండి. ఆమె అడిగింది న్యాయమే, మద్దిలేటి వాళ్లమ్మ కూడా అదే వరసలో నిలబడి ఉంది. ఇంట్లో వాడిన నీళ్లు పారేయకుండా వాడు గుంటకు మోస్తాడు, ఇరుగు పొరుగు ఇళ్లలో అడుగుతాడు, కొందరు ఇస్తారు, కొందరు ఇవ్వరు. చివరికి అందరూ కలిసి చప్పట్లు కొట్టే సీను మాత్రం వద్దు, సగం ఊరు ఒప్పుకోకుండానే ఉండనివ్వండి.

చట్టం, ఎడబాటు

ఇంట్లో కట్టేసుకుని పెంచినట్టు రాయడం కుదరదు. 1972 వన్యప్రాణి చట్టం ఉంది, ఖడ్గమృగం మొదటి షెడ్యూల్‌లో ఉంటుంది. ఉత్తరప్రదేశ్‌లో గాయపడిన సారస్ కొంగను ఒక యువకుడు బాగుచేస్తే అది అతని వెంటే తిరిగేది, 2023లో అటవీ శాఖ దాన్ని తీసుకెళ్లింది, తర్వాత కాన్పూర్ జూకి చూడ్డానికి వెళ్తే అతన్ని గుర్తుపట్టి బోనులో ఎగిరి గంతులేసింది. ఆ వీడియో చూసినవాళ్లు రెండుగా చీలిపోయారు. రెండు పక్షాల మాటలూ మీ కథలో ఉండాలి, ఒకటి రేంజరు నోట, ఒకటి నాయన నోట. నాయన ఉద్యోగం తాత్కాలికం అని గుర్తుంచుకోండి, ఆయన గట్టిగా మాట్లాడలేడు.

ముగింపులో జంతువును చంపేసి ఏడిపించడం తేలిక. అడవిలోకి వెళ్తూ ఒక్కసారి వెనక్కి తిరిగి చూసినట్టు రాయడం ఇంకా తేలిక. నేనైతే దూరం పెరగడాన్ని రాస్తాను. ఆ డైర్ తోడేలు పిల్లలు పుట్టినప్పటి నుంచి సాకిన మనిషి దగ్గరికొచ్చినా వెనక్కి తగ్గుతాయని చూసినవాళ్లు రాశారు. కాజీరంగాలో సీసాపాలతో పెరిగినవి పెద్దయ్యాక మానస్ అడవికి వెళ్లి అక్కడే పిల్లల్ని కన్నాయి. బసవన్నను రోళ్లపాడు గడ్డి మైదానానికి తరలించారు అనుకోండి, 1988లో బట్టమేక పక్షి కోసం ఏర్పాటు చేసిన చోటది. మద్దిలేటి ఆదివారాలు బస్సెక్కి వెళ్తాడు. మొదట్లో అది కంచె దాకా వస్తుంది. తర్వాత చెవులు మాత్రం తిప్పి మేత మేస్తూ ఉంటుంది. వాడికి కోపం వస్తుంది, ఒక ఆదివారం మానేస్తాడు, మళ్లీ వెళ్తాడు. పద్దెనిమిదేళ్లు వచ్చేసరికి ఎన్నాళ్లకోసారి వెళ్తున్నాడో మీరే తేల్చుకోండి, అక్కడ కథ ఆపేయండి.

రాయడం అయ్యాక రెండుచోట్ల చదివి వినిపించండి. ఒకటి పశువుల ఆసుపత్రిలో, ప్రొద్దుటూరు పశువైద్య కళాశాలలో తెలిసినవాళ్లుంటే ఇంకా మంచిది, పాలు, బరువు, మందుల దగ్గర తప్పులు వాళ్లు పట్టేస్తారు. రెండోది గొర్రెల కాపరి ఉన్న ఏ ఇంట్లోనైనా సరే. మాటలు మన యాసలో ఉన్నాయా, పుస్తకంలో మాటల్లా ఉన్నాయా అనేది అక్కడే తెలుస్తుంది. పిల్లలుంటే వాళ్లను ముందు కూర్చోబెట్టండి, అది ఎంత తింటుంది, ఎక్కడ పడుకుంటుంది, వాళ్లమ్మ ఒక్కసారైనా చూడ్డానికి వచ్చిందా అని అడుగుతారు. అడిగినవన్నీ కాగితం మీద రాసుకుని రెండో ప్రతి అక్కడి నుంచి మొదలుపెట్టండి.